చాక్లెట్ శాండ్‌విచ్ బిస్కెట్ పండగ దాకా కరకరలాడాలంటే

క్రిస్మస్‌కి ఇంట్లో చాక్లెట్ శాండ్‌విచ్ బిస్కెట్లు చేసేవాళ్ళు చెప్పే ఇబ్బందులు దాదాపు ఒకేలా ఉంటాయి. కాల్చిన సాయంత్రం కరకరలాడినవి పండగ రోజుకి మెత్తబడిపోయాయి. లేదా మధ్యలో పెట్టిన క్రీమ్ కరిగి పక్కలకు జారింది. లేదా బిస్కెట్ చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతోంది కానీ నోట్లో ఏదో సబ్బు రుచి. ఇంకా కొందరికి అడుగు మాడి చేదెక్కింది, రంగు ముందే నలుపు కాబట్టి మాడిందని కనిపించలేదు.

చాలామంది దీన్ని తమ చేతకానితనం అనుకుని మరుసటి ఏడాది బేకరీకి ఆర్డర్ ఇచ్చేస్తారు. అలా వదిలేయడం నాకు బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ తప్పులన్నిటికీ వెనక ఉన్న కారణాలు తక్కువే, అవి ఒకసారి అర్థమైతే ఏ రెసిపీనైనా మన వంటింటికి సరిపోయేలా మార్చుకోవచ్చు. ముఖ్యంగా ఒక విషయం పట్టుకోవాలి. పండగ బిస్కెట్ ఓవెన్‌లోంచి తీయగానే తినేది కాదు. రెండు రోజుల తర్వాతో, నాలుగు రోజుల తర్వాతో తింటాం, పక్కింటికి పంపుతాం, రాత్రి క్యారల్స్ పాడుతూ వచ్చినవాళ్ళకి టీతో ఇస్తాం. కాబట్టి తినే రోజు ఏదో ముందు తేల్చుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి.

రెండు చాక్లెట్ బిస్కెట్ల మధ్య క్రీమ్ పెట్టడాన్ని ఊరూరా తెలిసేలా చేసింది ఫ్యాక్టరీలే. అమెరికాలో 1908లో హైడ్రాక్స్ అనే క్రీమ్ బిస్కెట్ వచ్చింది. లండన్‌లోని బెర్మండ్సీలో పీక్ ఫ్రీన్స్ కంపెనీ 1910లో క్రియోలా అనే పేరుతో ఒక బిస్కెట్ మొదలుపెట్టింది. మనం చిన్నప్పటి నుంచి తింటున్న బోర్బన్ అదే, పేరు తర్వాత మారింది. 1912లో న్యూయార్క్‌లో ఓరియో పుట్టింది, మన దేశంలోకి 2011లో వచ్చింది. ఆ కంపెనీలకు కావలసింది ఒక్కటే: నెలల తరబడి షాపులో ఉన్నా బిస్కెట్ కరకరలాడాలి, క్రీమ్ జారకూడదు. అందుకని వాళ్ళు క్రీమ్‌లో నీళ్ళు దాదాపు లేకుండా చేశారు. పంచదార, తేలిగ్గా కరగని వనస్పతి లాంటి కొవ్వు, వాసన కోసం వెనిల్లా, అంతే. ఇంట్లో మనం ఆ ఆకారాన్ని మాత్రం తీసుకుని లోపల బటర్, ఫ్రెష్ క్రీమ్, జామ్ పెడతాం. రుచి ఎంతో పెరుగుతుంది, నిజమే. కానీ ఫ్యాక్టరీ వాళ్ళు పట్టుబట్టి బయటికి పంపిన నీళ్ళను మనమే మళ్ళీ లోపలికి తెస్తున్నాం.

నీళ్ళు ఎటు వెళ్తాయి

ఇది మన పిండివంటల్లో అందరికీ తెలిసిన సంగతే. కజ్జికాయల్లో పుట్నాల పొడి, పంచదార, ఎండుకొబ్బరి కూరితే రెండు వారాలైనా పైపొర గుల్లగా ఉంటుంది. అవే కజ్జికాయల్లో పచ్చికొబ్బరి లౌజు పెడితే రెండో రోజుకే మెత్తబడతాయి. పైపొర అదే, నూనె అదే, మారింది లోపలి తేమ ఒక్కటే.

తేమ ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకి వెళ్తుంది. బాగా కాలిన బిస్కెట్‌లో తేమ చాలా తక్కువ. దానికి ఆనుకుని తడి పూరకం పెడితే అది మెల్లగా బిస్కెట్‌లోకి ఇంకిపోతుంది. ఈ ఇంకడం ఎంత వేగంగా జరుగుతుందనేది పూరకంలో ఎంత నీరు ఉంది, ఆ నీటిని పంచదార, కొవ్వు ఎంత గట్టిగా పట్టుకున్నాయి అనే రెండిటి మీద ఆధారపడుతుంది.

లెక్క వేసి చూద్దాం. బటర్‌లో 80 శాతం కొవ్వు, 16 శాతం దాకా నీరు ఉంటాయి. 100 గ్రాముల బటర్‌కి 200 గ్రాముల పంచదార పొడి కలిపి క్రీమ్ చేస్తే, ఆ 300 గ్రాముల్లో నీరు 16 గ్రాములు. అంటే 5 శాతం. అది కూడా కొవ్వులో చిన్నచిన్న చుక్కలుగా చిక్కుకుని ఉంటుంది. అందుకే బటర్‌క్రీమ్ పెట్టిన బిస్కెట్ మూడు నాలుగు రోజులు బాగానే నిలుస్తుంది. ఇప్పుడు గనాష్ చూడండి, అంటే చాక్లెట్‌లో ఫ్రెష్ క్రీమ్ కలిపి చేసే పూరకం. మనకు ప్యాకెట్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతం, మిగిలినదాంట్లో చాలా భాగం నీరే. 100 గ్రాముల చాక్లెట్‌కి 100 గ్రాముల క్రీమ్ కలిపితే మొత్తంలో దాదాపు మూడో వంతు నీళ్ళు. మరుసటి రోజుకి బిస్కెట్ కేకులా అవుతుంది. కొంతమందికి అదే ఇష్టం, అందులో తప్పేమీ లేదు. అయితే గనాష్‌లో పాల పదార్థం, నీరు రెండూ ఉన్నాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తినేయాలి. స్టీలు డబ్బాలో పెట్టి వారం పాటు అతిథులకు పెట్టే వస్తువు కాదు అది.

కోకో ప్యాకెట్ మీద చిన్న అక్షరాలు

సబ్బు రుచి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలంటే కోకో తోట దాకా వెళ్ళాలి. మనకి అది దూరం కూడా కాదు. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందుంది. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి, ఆయిల్‌పామ్ తోటల నీడలో కోకోని అంతర పంటగా వేస్తారు. ఆ గింజలతో చాక్లెట్ చేసే సంస్థలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి, 'మనం చాక్లెట్' అనే కంపెనీ లాంటివి. కాయ కోసి, గుజ్జుతో సహా గింజల్ని అయిదారు రోజులు పులియబెడతారు. ఆ పులుపులో పుట్టిన ఆమ్లం గింజలోకి దిగుతుంది. ఎండబెట్టి, వేయించి, నూరి, కోకో బటర్ పిండేసి పొడి చేసినా ఆ పులుపు కొంత మిగిలే ఉంటుంది. అది సహజమైన కోకో పొడి. రంగు లేత ఎరుపు గోధుమ, రుచి కాస్త పుల్లగా, ఘాటుగా ఉంటుంది.

రెండో రకం డచ్ కోకో. నెదర్లాండ్స్‌కి చెందిన వాన్ హౌటెన్ కుటుంబం 1828లో కోకో నుంచి కొవ్వు పిండే యంత్రానికి పేటెంట్ తీసుకుంది. ఆ కుటుంబం నుంచే కోకోకి క్షారం కలిపి పులుపు తగ్గించే పద్ధతి వచ్చింది. ఇలా చేసిన పొడి ముదురు రంగులో, మెత్తని రుచితో ఉంటుంది. ఆ క్షారం పాళ్ళు బాగా పెంచితే వచ్చేది బ్లాక్ కోకో. ఫ్యాక్టరీ బిస్కెట్లకి ఆ బొగ్గు లాంటి నలుపు ఇలాంటి కోకోతోనే వస్తుంది.

ఇప్పుడు సోడా సంగతి. వంట సోడా పని చేయాలంటే పులుపు కావాలి. సహజమైన కోకోలో ఆ పులుపు ఉంది కాబట్టి కొద్దిగా సోడా వేస్తే రెండూ ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. డచ్ కోకోలో పులుపు ముందే తీసేశారు. అందులో అంతే సోడా వేస్తే ఆ సోడా ఎటూ పోక మిగిలిపోతుంది, అదే సబ్బు రుచి. డచ్ కోకో వాడితే సోడా మానేసి పావు చెంచా బేకింగ్ పౌడర్ వేయండి, దాంట్లో దాని ఆమ్లం దానికే ఉంటుంది.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో ప్యాకెట్ వెనక చూస్తే తెలుస్తుంది. పదార్థాల జాబితాలో అసిడిటీ రెగ్యులేటర్ అని రాసి 500, 501, 525 లాంటి నంబర్ ఉంటే అది డచ్ పద్ధతిలో చేసినది. కోకో అనే ఒక్క మాటే ఉంటే సహజమైనది. ప్యాకెట్ పారేసి డబ్బాలో పోసుకుంటే, చెంచాడు కోకోలో వేడినీళ్ళు పోసి చిటికెడు సోడా వేసి చూడండి. సన్నగా నురగ వస్తే పులుపు ఉన్నట్టు.

బ్లాక్ కోకో మీద నాకు పెద్ద మోజు లేదు. రంగు కోసం మొత్తం కోకోలో నాలుగో వంతు వేసుకోవచ్చు. మొత్తం అదే వేస్తే చాక్లెట్ రుచి తగ్గిపోతుంది, బిస్కెట్ పొడిపొడిగా రాలుతుంది.

రూమ్ టెంపరేచర్ అంటే ఎవరి గది?

ఇంటర్నెట్‌లో దొరికే రెసిపీల్లో ఎక్కువ భాగం అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో రాసినవి. అందులో 'గది ఉష్ణోగ్రతలో ఉన్న బటర్' అంటే సుమారు 20 డిగ్రీల దగ్గర ఉన్నది. డల్లాస్‌లో ఉన్న అక్క ఆ రెసిపీ వాడి ఫొటో పెడితే, కాకినాడలో చెల్లి అదే కొలతతో చేసి బిస్కెట్లు రొట్టెల్లా పాకిపోయాయని బాధపడుతుంది. డిసెంబర్‌లో కూడా కోస్తాలో మధ్యాహ్నం 29, 30 డిగ్రీలు ఉంటుంది. ఆ వేడికి బటర్ గంటసేపు బయట ఉంటే సగం నూనె అయిపోతుంది. దాంతో కలిపిన పిండి ఓవెన్‌లోకి వెళ్ళగానే, అంచు గట్టిపడేలోపే పాకుతుంది. మరో తేడా గాలిలో తేమ. అక్కడ చలికాలం హీటర్ల వల్ల ఇంట్లో గాలి పొడిగా ఉంటుంది, ప్లేటులో పెట్టి వదిలేసినా బిస్కెట్ కరకరలాడుతూనే ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో మూత తీసి గంటసేపు వదిలితే చాలు, మెత్తదనం మొదలవుతుంది.

కాబట్టి బటర్‌ని గంటల లెక్కన కాకుండా చేత్తో చూసి తెలుసుకోండి. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలు లోపలికి దిగిపోకూడదు, పైన నూనె మెరుపు ఉండకూడదు. మన వేడికి ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలు కోస్తే పది, పదిహేను నిమిషాలు చాలు. హైదరాబాద్‌లో డిసెంబర్ ఉదయాలు చల్లగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ టెన్షన్ తక్కువ.

టేబుల్ బటర్‌లో ఉప్పు ఉంటుంది. బిస్కెట్ పిండిలో అది బాగానే ఉంటుంది, విడిగా ఉప్పు వేయకండి. లోపలి క్రీమ్‌కి మాత్రం ఉప్పులేని బటర్ తీసుకోండి. నెయ్యి వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. నెయ్యిలో నీరు ఉండదు కాబట్టి బిస్కెట్ నాన్‌ఖటాయిలా ఇసుక ఇసుకగా విరుగుతుంది. తినడానికి చాలా బాగుంటుంది గానీ సన్నగా ఒత్తి మధ్యలో క్రీమ్ పెట్టి నొక్కేటప్పుడు విరిగిపోతుంది. మొత్తం బటర్ తీసుకుని, మరీ అంటే నాలుగో వంతు నెయ్యి వేసుకోండి.

కప్పుల కొలతని నేను నమ్మను. ఒకే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, నొక్కి పోస్తే 140 దాటుతుంది. ఇంత సన్నని బిస్కెట్‌కి ఆ 20 గ్రాములే గట్టిదనాన్ని నిర్ణయిస్తాయి. చిన్న కిచెన్ త్రాసు కొనుక్కోవడం ఖర్చు అనుకోకండి.

పిండి, కాల్పు

నేను నమ్మి చెప్పగల కొలత ఇది: మైదా 150 గ్రాములు, సహజమైన కోకో 40 గ్రాములు, ఉప్పులేని బటర్ 120 గ్రాములు, పంచదార పొడి 90 గ్రాములు, వంట సోడా పావు చెంచా, చిటికెడు ఉప్పు, కొంచెం వెనిల్లా. ముద్ద కట్టకపోతే చల్లని పాలు ఒకటి రెండు చెంచాలు. రెండు అంగుళాల వెడల్పున 20 జతల దాకా వస్తాయి. ఇందులో గుడ్డు లేదని గమనించే ఉంటారు. క్రిస్మస్ పళ్ళెం గుడ్డు తినని ఇళ్ళకి కూడా వెళ్తుంది, అది ఒక కారణం. గుడ్డు తెల్లసొనలో నీరు ఎక్కువ, కరకరలాడాల్సిన సన్నని బిస్కెట్‌కి దాని అవసరం లేదు, అది రెండో కారణం.

పంచదార మన దగ్గర పెద్ద పలుకుగా ఉంటుంది, అలాగే వేస్తే ఓవెన్‌లో ఆలస్యంగా కరిగి బిస్కెట్ పాకడానికి తోడ్పడుతుంది. మిక్సీలో పొడి కొట్టి జల్లించండి. బటర్, పంచదార పొడి కలిసి నునుపుగా అయితే చాలు, కేకుకి గిలక్కొట్టినట్టు తెల్లగా అయ్యేదాకా కొట్టకండి. లోపల గాలి ఎక్కువైతే బిస్కెట్ ఉబ్బి అడుగు సమంగా రాదు, రెండూ అతకవు. మైదా, కోకో, సోడా కలిపి జల్లించి వేశాక చపాతీ పిండిలా మర్దన చేయకుండా వేళ్ళతో దగ్గరికి తీసుకోవాలి. మర్దన చేస్తే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు సాగి బిస్కెట్ ముడుచుకుంటుంది, గట్టిపడుతుంది.

ముద్దని రెండు బేకింగ్ కాగితాల మధ్య పెట్టి 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, ఆ కాగితంతో సహా ఫ్రిజ్‌లో ముప్పావు గంట ఉంచండి. మన షాపుల్లో బటర్ పేపర్ అనే పేరుతో రెండు రకాలు అమ్ముతారు. మైనం పూసినది ఓవెన్‌కి పనికిరాదు, మైనం కరిగి బిస్కెట్‌కి అంటుకుంటుంది. ఓవెన్‌కి పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే తీసుకోండి. ఒత్తేటప్పుడు అంటుకుంటుంటే మైదా బదులు కోకో చల్లండి, తెల్ల మచ్చలు పడవు. మిగిలిన అంచు ముక్కల్ని ఒక్కసారి మాత్రమే కలిపి ఒత్తండి.

చాక్లెట్ పిండికి రంగు చూసి కాలిందని చెప్పలేం, అసలు కష్టం ఇక్కడే. ఓవెన్‌ని పదిహేను నిమిషాలు వేడి చేసి, 170 డిగ్రీల్లో, మధ్య అరలో, 12 నుంచి 14 నిమిషాలు అని రాయడం సులువే. ఇళ్ళలో వాడే చిన్న కరెంటు ఓవెన్లలో (ఓటీజీల్లో) లోపలి వేడి బయటి అంకెకి ఇరవై డిగ్రీలు అటూ ఇటూగా ఉండటం మామూలే. కాబట్టి ముందు రెండు మూడు బిస్కెట్లు మాత్రం పెట్టి చూడండి. చాక్లెట్ వాసన వంటింటిని నింపిందంటే ఇక ఒకటి రెండు నిమిషాలే మిగిలాయని అర్థం. ఆ వాసనలో చేదు మొదలైందంటే ఆలస్యమైనట్టే. పైన తడి మెరుపు పోయి మట్టి రంగులోకి రావాలి, అంచు వేలికి గట్టిగా తగలాలి, మధ్యలో కాస్త మెత్తగా ఉన్నా పర్వాలేదు. వేడి బిస్కెట్ ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది, చల్లారాక పంచదార గట్టిపడి కరకర వస్తుంది. పూర్తిగా చల్లారిన నమూనా కూడా మధ్యలో మెత్తగా ఉంటే లోపల తేమ మిగిలినట్టు, తర్వాతి ట్రేకి రెండు నిమిషాలు పెంచండి.

ఓవెన్ లేకుండా గిన్నెలో ఉప్పో ఇసుకో పోసి స్టవ్ మీద కాల్చే పద్ధతి నాన్‌ఖటాయిలకి బాగుంటుంది. ఇంత సన్నని చాక్లెట్ బిస్కెట్‌కి నేను సలహా ఇవ్వను, అడుగు తప్పకుండా మాడుతుంది. తెలిసిన బేకరీ ఉంటే ట్రేలు తీసుకెళ్ళి కాల్పించుకోవడం మేలు.

మధ్యలో ఏం పెట్టాలి

ఇక్కడికొచ్చాక తినే తేదీ అడగాలి. ఈ రాత్రే తినేస్తారా? గనాష్ పెట్టండి, అంతకు మించిన రుచి లేదు. మూడు నాలుగు రోజులు ఉండాలా? 60 గ్రాముల ఉప్పులేని బటర్‌కి 120 గ్రాముల పంచదార పొడి. షాపులో కొన్న ఐసింగ్ షుగర్‌లో కాస్త మొక్కజొన్న పిండి కలిపి ఉంటుంది, అది తేమ పీల్చుకుని క్రీమ్‌ని నిలబెడుతుంది. ఇంట్లో కొట్టిన పొడి అయితే సన్నని జల్లెడ పట్టి, ఒక చెంచా పాలపొడి కలపండి. వదులుగా అనిపించినా పాలు, నీళ్ళు పోయకండి.

వారం పాటు నిలవాలన్నా, కోస్తా వేడికి జారకుండా ఉండాలన్నా వైట్ చాక్లెట్ మంచిది. 150 గ్రాముల వైట్ చాక్లెట్ కరిగించి 25 గ్రాముల బటర్ కలిపి, చిక్కబడే దాకా ఆగి పెట్టాలి. కరిగించే గిన్నెలో నీటి చుక్క పడకూడదు. పడితే పంచదార ఆ తడికి అంటుకుని చాక్లెట్ మొత్తం ముద్దగా బిగుసుకుంటుంది. ఈ పనికి కాంపౌండ్ చాక్లెట్ కూడా సరిపోతుంది. దాంట్లో కోకో బటర్ స్థానంలో పామ్ కెర్నెల్ లాంటి కొవ్వు ఉంటుంది, కరిగించి పెడితే దానంతట అదే గట్టిపడుతుంది. అసలైన చాక్లెట్‌లోని కోకో బటర్ అలా కాదు, అది చాలా రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఒక్క రకమే టక్కున విరిగే మెరుపు ఇస్తుంది. బిస్కెట్ పైన డార్క్ చాక్లెట్‌లో ముంచాలంటే దాన్ని 45 డిగ్రీల పైకి కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్ళీ 31, 32కి తేవాలి. థర్మామీటర్ లేకపోతే ముంచడానికి కాంపౌండ్ వాడుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఆ రెండిటినీ మాత్రం కలపకండి. రెండు కొవ్వులూ ఒకదాన్నొకటి గట్టిపడనీయవు, కొన్నాళ్ళకి పైన బూడిద రంగు పొర వస్తుంది.

జామ్ పెట్టాలని పిల్లలు పట్టుబడితే, బిస్కెట్ లోపలి వైపు కరిగిన చాక్లెట్ పల్చగా పూసి ఆరనిచ్చి, దాని మీద జామ్ పెట్టండి. కొవ్వు పొర తేమని చాలా సేపు ఆపుతుంది. పండగ వాసన కోసం అమెరికాలో పిప్పర్‌మెంట్ వేస్తారు, పలుకు పలుకుగా దంచిన చక్కెర బిళ్ళల్ని క్రీమ్ అంచుకి అద్దుతారు. మన తేమలో ఆ పలుకులు రాత్రికి రాత్రే జిగురవుతాయి, వడ్డించే ముందు అద్దుకోవాలి. నాకైతే కమలాపండు తొక్క ఇష్టం, డిసెంబర్‌లో మంచి పళ్ళు దొరుకుతాయి. పైన నారింజ రంగు పొర మాత్రం తురిమి క్రీమ్‌లో వేసే పంచదార పొడిలో వేళ్ళతో నలపండి. దాని సువాసన అంతా తొక్కలోని నూనెలో ఉంది, రసం పిండితే వచ్చేది నీళ్ళే.

డిసెంబర్ 25కి కావాలంటే పిండి ముద్దని రెండు మూడు వారాల ముందే చేసి గాలి తగలకుండా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చు. 20, 21 తేదీల్లో కాల్చండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి, కొంచెం వేడి ఉన్నా ఆవిరి పట్టి మొత్తం పాడవుతుంది. క్రీమ్ 23 సాయంత్రమో 24 ఉదయమో పెడితే ఆ రాత్రి ఆరాధన నుంచి వచ్చేసరికి రెండూ చక్కగా అతుక్కుని ఉంటాయి. ఈ బిస్కెట్ల డబ్బాలో గులాబీ పువ్వులనే పిండివంట పెట్టినా పర్వాలేదు, అవీ పొడివే. ప్లమ్ కేక్ ముక్కలు మాత్రం పెట్టకండి, కేకులో ఉన్న తేమంతా బిస్కెట్‌లోకి వస్తుంది. క్రీమ్ పెట్టకముందే బిస్కెట్లు మెత్తబడినట్టు అనిపిస్తే 150 డిగ్రీల ఓవెన్‌లో అయిదు నిమిషాలు పెట్టి చల్లార్చండి, కరకర తిరిగి వస్తుంది.